కాలేయం కలపని పరీక్ష

పూర్ణచంద్రరావు గారు ల్యాబు మెట్లెక్కిన తీరు చూస్తే, పరీక్ష చేయించుకోవడానికి కాక, పరీక్ష పాసైనందుకు దండ వేయించుకోవడానికి వస్తున్నట్టుంది. మడత చెదరని తెల్ల లాల్చీ, వెనక డ్రైవరు, డ్రైవరు చేతిలో బరువైన గుడ్డసంచీ. మర్యాద కోసం ఒకసారి గారు అనడం అయింది. ఇకమీద ఈ కథ చెప్పే నోట ఆ మాట ఉండదు.

అద్దం గోడ అవతల డాక్టర్ ఎస్తేరు చేతిలో ఉన్న బ్యాక్టీరియా ప్లేటు కింద పెట్టింది. పద్నాలుగేళ్ళలో అతని జుట్టు పూర్తిగా నెరిసి, దాని మీద నల్లరంగు ఎక్కింది. పొట్ట ముందుకొచ్చింది. కానీ జేబులోంచి చిన్న డబ్బా తీసి, మూత మీద వేలితో రెండుసార్లు తట్టి, చిటికెడు వక్కపొడి నోట్లో వేసుకునే అలవాటు అలాగే ఉంది. కార్మిక కోర్టు వరండాలో, తీర్పు తనవైపు వచ్చిన మధ్యాహ్నం కూడా ఇలాగే తట్టాడు. ఆ వరండా చివర తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. అతను ఆమెను అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ గుర్తుపట్టలేదు.

"నమస్కారం డాక్టరమ్మా. మీ పరీక్ష గురించి క్లబ్బులో అందరూ తెగ చెప్పుకుంటన్నారు. మనిషికి ఏది పడదో ముందే చెప్పేస్తారంటగా?" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంది?"

"ఇంటిపేరుతో పనిలేదండీ, మీ పేరు చాలు" అంది ఎస్తేరు. గొంతు మామూలుగానే వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఈ ల్యాబులో ఒక పద్ధతుంది. పరీక్షకు వచ్చేవాళ్ళు రోజూ ఒంటికి రాసుకునేవీ, నోట్లో వేసుకునేవీ, ముక్కుతో పీల్చేవీ అన్నీ వెంట తెచ్చుకోవాలి. డ్రైవరు సంచీ విప్పి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. సబ్బు, పళ్ళపొడి, తలరంగు, అగరుబత్తీలు, దోమల చుట్ట, నొప్పుల నూనె, ఎర్రటి వక్కపొడి డబ్బా. ల్యాబు టెక్నీషియన్ రమీజా అన్నిటికీ నంబర్లు అంటించింది.

"కారం తేలేదేం?" అంది ఎస్తేరు. "మీది కారం మిల్లని రాశారు."

"మా ఇంట్లో కారం వేరేనమ్మా. కాయ ఏరించి, ఎండబెట్టించి, రోట్లో కొట్టిస్తాం. మిల్లు కారం మేం ముట్టుకోం" అన్నాడతను. ఆ మాట అనడానికి రవ్వంత కూడా తడబడలేదు.

రక్తం తీయాల్సిన సూదిని ఎస్తేరు రమీజాకి అందించింది. 

* * *

ఆ ల్యాబులో పనిచేసేది నలుగురు మనుషులూ, లెక్కకందని బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియాకి ఒక అవిటితనం ఉంది. హిస్టిడిన్ అనే పోషకం ఎవరైనా పెడితే తప్ప బతకలేదు. అది లేని ప్లేటు మీద పోస్తే పస్తులుంటుంది. ఆ పస్తున్నదాని మీదికి ఏదైనా రసాయనం వదిలితే, ఆ రసాయనం జన్యువుల రాత చెడగొట్టే రకమైతే, కోట్లలో కొన్నిటికి ఆ చెడిన రాతే కలిసొస్తుంది. పోయిన విద్య తిరిగొచ్చి, తిండి తామే వండుకుని, రెండు రోజుల్లో తెల్లటి చుక్కలై కూర్చుంటాయి. ఏమీ కలపకపోయినా ఇరవై పాతిక చుక్కలు ఊరికే వస్తాయి. వందల్లో వస్తే మాత్రం ఆ రసాయనం మనిషి జన్యువుల జోలికీ రాగలదని అనుమానించాల్సిందే. రమీజా ప్లేటు బోర్లించి, ఒక్కో చుక్క మీద మార్కరుతో గుర్తు పెడుతూ లెక్కపెట్టేది. యంత్రం ఉన్నా దాన్ని నమ్మేది కాదు.

కొన్ని రసాయనాలు మహా నంగనాచులు. బయట ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి. కాలేయంలోకి వెళ్ళి, అక్కడ నలిగాకే విషమవుతాయి. అందుకే ప్రతి పరీక్షా రెండు వైపులా చెయ్యాలి. కాలేయ ద్రవం కలపని ప్లేట్లు ఒక వైపు, కలిపినవి ఒక వైపు. లోకమంతా దీనికి ఎలుక కాలేయం వాడుతుంది. ఎవరి పరీక్షకి వాళ్ళ కాలేయమే వాడటం ఎస్తేరు కనిపెట్టిన సంగతి. నాలుగు చుక్కల రక్తం ఇస్తే పద్దెనిమిది రోజుల్లో ఆవగింజంత కాలేయం పెరుగుతుంది. ల్యాబులో దాన్ని మొగ్గ అంటారు. లోకానికి పడినది మీకు పడకపోతే, మీ మొగ్గ చెప్పేస్తుంది.

మొట్టమొదటి మొగ్గ రక్తం నుంచి పెరగలేదు. ఆసుపత్రి వాళ్ళు పరీక్ష కోసం ఎస్తేరు అక్క సలోమి ఒంట్లోంచి కోసి, మైనంలో దాచిన ముక్క ఒకటి ఉండేది. ఎస్తేరు దాన్ని పోరి తెచ్చుకుంది. అందులోని జన్యువుల రాత చదివి, ఆ రాతతో మొగ్గ పెంచడానికి ఆరేళ్ళు పట్టింది. సలోమి మట్టిలో కలిసి పద్నాలుగేళ్ళు దాటినా, సలోమి కాలేయం ఆ ల్యాబు ఫ్రీజర్లో బతికే ఉంది.

అమ్మ పోయాక ఎస్తేరుని పెంచింది సలోమే. పూర్ణచంద్రరావు మిల్లులో మొదట కాయలకి తొడిమలు తీసేది. తర్వాత రంగు షెడ్డులో వేశారు. తెల్లబోయిన తాలు కాయలు కారం పట్టిస్తే ఎవరూ కొనరు కాబట్టి, అందులో ఎర్రరంగు కలిపేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేస్తే నాలుగో చెంబు దాకా నీళ్ళు ఎర్రగానే పారేవి. "నేను రోజూ పెళ్ళికూతుర్నే" అని నవ్వేది. ఎస్తేరుని ఎమ్మెస్సీ దాకా చదివించింది. ముప్పై నాలుగేళ్ళకి కాన్సరుతో మంచాన పడింది. "దీనికి మందుందా అయ్యా?" అని డాక్టర్ని అడిగింది. వేళకి తినకపోవడం వల్లే ఇది వచ్చిందని అనుకుంటూ పోయింది.

కేసు వేస్తే పూర్ణచంద్రరావు ఒక కాగితం తెచ్చి జడ్జి ముందు పెట్టాడు. ఆ రంగు మీద బ్యాక్టీరియా పరీక్ష జరిగింది, చుక్కలు మామూలుగానే ఉన్నాయి, హాని కనిపించలేదు. ఒక ల్యాబు ముద్ర, ఒక సంతకం. కోర్టు కొట్టేసింది. ఆరు నెలల తర్వాత ఆ కాగితం నకలు చేతికొస్తే, ఎస్తేరు దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. రెండో వైపు లేదు. కాలేయం కలపకుండా చేసిన ప్లేట్ల లెక్క మాత్రమే ఉంది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. సగం నిజాన్ని మడతపెట్టి జేబులో దాచుకున్నారంతే.  ఆ రోజు నుంచి ఎస్తేరు చదివిన చదువంతా, చేసిన పనంతా ఆ దాచిన సగం కోసమే.

* * *

జూలై ఇరవై నాలుగో తేదీ పొద్దున రమీజా ప్లేట్ల దొంతర పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. "మేడం, ఆ మిల్లాయన వక్కపొడి చూడండి."

కాలేయం కలపని ప్లేటులో ఇరవై రెండు చుక్కలు. ఎలుక కాలేయం కలిపిన దానిలో ముప్పై ఒకటి. పూర్ణచంద్రరావు మొగ్గ కలిపిన ప్లేటు మీద మాత్రం మార్కరు పెట్టడానికి జాగా లేదు. చుక్కకీ చుక్కకీ మధ్య సందు లేకుండా, ప్లేటంతా పాలు విరిగినట్టుంది.

ఎస్తేరు ఇలాంటి ప్లేటు ఇంతకుముందు ఒక్కసారే చూసింది. సలోమి తలకి కట్టుకునే గుడ్డ నుంచి తీసిన రంగుని, సలోమి మొగ్గతో కలిపినప్పుడు. గబగబా వక్కపొడిలోని ఎరుపుని విడదీసి, తలగుడ్డ ఎరుపు పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. ఆ రంగుని విషంగా మార్చే జన్యువుల మెలిక పూర్ణచంద్రరావు కాలేయంలోనూ, సలోమి కాలేయంలోనూ ఒకటే. నూటికి ఒకరిద్దరికి ఉంటుందది. షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్ళు ఆ రంగులో మునిగి తేలినా సలోమి ఒక్కతే ఎందుకు పోయిందో, దానికి జవాబు ఆ మెలికే.

మిల్లు కారం ముట్టని మనిషి, అదే రంగుని రోజుకు పదిసార్లు డబ్బా తట్టి మరీ నోట్లో వేసుకుంటున్నాడు.

ఎస్తేరు కుర్చీలో వెనక్కి వాలింది. నవ్వొచ్చింది. చర్చిలో మోకరించి ఎన్నిసార్లు అడిగిందో, వాడికి కూడా అదే రావాలి ప్రభువా అని. అడగకూడని మాట అని తెలిసే అడిగింది. ఇప్పుడు ఆ పని చేయడానికి తను వేలు కూడా కదపక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

"రిపోర్టు మొదటి పేజీ ఒక్కటే ప్రింటు తియ్యి రమీజా. కాలేయం లేని వైపు."

రమీజా కదల్లేదు. "రెండో పేజీ మేడం?"

"అక్కర్లేదు."

"రెండు వైపులూ చూడందే సంతకం పెట్టొద్దని నాకు నేర్పింది మీరే కదా మేడం."

"నేర్పాను. ఈ ఒక్కదానికీ మర్చిపో."

రమీజా పేజీ తీసిచ్చింది కానీ ఆ రోజంతా ఎస్తేరు ముఖం చూసి మాట్లాడలేదు. ఎస్తేరు కాగితాన్ని కవర్లో పెట్టి సొరుగులో వేసింది. ఆగస్టు మధ్యలో ఇస్తానని పూర్ణచంద్రరావుకి ఫోను చేసి చెప్పింది. "తొందరేం లేదమ్మా, నాకేముంటది, గుండ్రాయిలా ఉన్నా" అన్నాడతను. మాట మధ్యలో టక్ టక్ మని డబ్బా తట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చెవిలో తేనె పోసినట్టనిపించింది ఎస్తేరుకి.

తర్వాతి రోజుల్లో ఆమె హుషారు చూసి ఇంట్లో షారోను ఆశ్చర్యపోయింది. షారోను సలోమి కూతురు. ఒకప్పుడు కోర్టు వరండాలో చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లే. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు, ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి వరకూ లెక్కలు చెప్తోంది.

"ఏంటి పిన్నీ, పాటలు పాడుతున్నావ్? లాటరీ ఏమన్నా తగిలిందా?"

"అంతకంటే పెద్దదే" అంది ఎస్తేరు, చారు పోపు పెడుతూ. "తర్వాత చెప్తాలే."

* * *

ఆగస్టు పన్నెండు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, కోడికూర వండుకుని తిన్నారు. ఎస్తేరు గిన్నెలు సర్దుతుంటే వెనక నుంచి టక్ టక్ మని చప్పుడైంది. గిరుక్కున తిరిగి చూసింది.

షారోను కిటికీ పక్కన కూర్చుని, ఎర్రటి డబ్బా మూత తీసి అరచేతిలో వక్కపొడి వంపుకుంటోంది. పెదాలు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

ఎస్తేరు చేతిలో గిన్నె జారిపోయింది. ఒక్క అంగలో వెళ్ళి డబ్బాని చెంప మీద కొట్టినట్టు కొట్టింది. పొడి గచ్చంతా చిమ్మింది.

"పిన్నీ! పిచ్చా ఏంటి నీకు?"

"ఎప్పట్నుంచి తింటున్నావిది?"

"బళ్ళు తెరిచినప్పట్నుంచీ. మా స్టాఫ్ రూములో సోషల్ మేడం రోజూ తెస్తారు, అన్నం తిన్నాక అందరికీ తలా చిటికెడు పెడతారు. అలవాటైపోయి నేనూ ఒక డబ్బా కొనుక్కున్నా. వక్కపొడికి కూడా ఇంత గొడవేంటి?"

ఎస్తేరు గచ్చు మీదే కూలబడింది. బళ్ళు తెరిచింది జూన్లో. దానికి ఆమె చేయగలిగింది ఏమీ లేదు. కానీ ఫలితం చేతికొచ్చింది జూలై ఇరవై నాలుగున. ఆ పొద్దుటి నుంచి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజులూ తను పాటలు పాడుకుంటూ చారు కాసింది. తల్లి కాలేయంలో ఉన్న మెలిక కూతురికి వచ్చి ఉండొచ్చన్న సంగతి, ఆ పని మీదే బతికే మనిషికి, ఒక్క రోజు కూడా తట్టలేదు. పగవాడి కోసం మూడు వందల ప్లేట్లు పోసింది. ఇంట్లో పిల్ల కోసం ఒక్కటి పొయ్యలేదు.

"రేపు పొద్దున నాతో ల్యాబుకి రా" అంది. "రక్తం ఇవ్వాలి."

మర్నాడు షారోను రక్తం తీశాక, ఎస్తేరు వక్కపొడి ఫలితాలు రెండు పేజీలూ ఆహార శాఖకి పంపింది. ఆ రంగు తలగుడ్డ మీది మిల్లు రంగుతో సరిపోయిందని కూడా రాసింది. వారంలో దుకాణాల్లోంచి డబ్బాలు ఎత్తేశారు. పేపర్లో మూల ఒక చిన్న వార్త వచ్చింది, వక్కపొడిలో హానికరమైన రంగు, ఎక్కడి నుంచి వస్తోందో విచారిస్తున్నారని. పూర్ణచంద్రరావుకి మాత్రం ఎస్తేరు ఫోను చెయ్యలేదు. అందుకు ఆమె సిగ్గు కూడా పడలేదు. సొరుగులో కవరు అలాగే ఉంది.

మొగ్గ పెరిగే పద్దెనిమిది రోజులూ ఎస్తేరు ఇంక్యుబేటరు చుట్టూ తిరిగింది. ప్లేట్లు తనే పోసింది. సెప్టెంబరు రెండున తలుపు తీసింది కూడా తనే. చూసి, మళ్ళీ తలుపు మూసేసింది. లెక్కపెట్టే అవసరం లేదు. పాలు విరిగినట్టుంది.

రమీజా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "రెండు నెలలే కదా మేడం తింది. మానేసింది కూడా. ఏమీ కాకపోవచ్చు."

"కాకపోవచ్చు" అంది ఎస్తేరు. "కావచ్చు కూడా. మన పరీక్ష అంతవరకే చెప్తుంది."

కాసేపటికి లేచి సొరుగు తీసి, కవర్లోంచి ఆ ఒంటి పేజీ కాగితం బయటకు లాగింది. ఒక్క అబద్ధం లేని కాగితం. పద్నాలుగేళ్ళ కిందటి కాగితం నకలు కూడా అదే సొరుగులో ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే సంతకాలు తప్ప తేడా ఏమీ కనిపించలేదు. పళ్ళు నూరుకుంటూ తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. జాలి కలిగి కాదు. అక్క ఏమీ తెలియకుండా పోయింది. వీడు కూడా ఏమీ తెలియకుండా, గుండ్రాయిలా ఉన్నాననుకుంటూ పోతే ఇంక శిక్షేముంది? వాడికి తెలియాలి. తెలిసి బతకాలి.

"రేపు ఆయన్ని రమ్మను" అంది. "మూడు మొగ్గల ప్లేట్లూ నా బల్ల మీద పెట్టు."

* * *

పూర్ణచంద్రరావు వస్తూనే నవ్వాడు. "ఇంత ఆలస్యం చేశారేందమ్మా, నాలో ఏదో పెద్ద కొత్త సంగతి కనిపెట్టినట్టున్నారే." కూర్చుంటూ జేబులోంచి డబ్బా తీశాడు. "ఇది దుకాణాల్లో ఎత్తేశారని రెండు డజన్లు ముందే కొని పెట్టుకున్నా. పేపరోళ్ళ మాటలకేం గానీ. ఈ పరీక్షల సంగతి నాకు తెలుసులే." మూత మీద తట్టి చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

ఎస్తేరు ఆపలేదు. నమిలే దాకా ఆగి, పేర్లు కనపడకుండా కాగితం అంటించిన మూడు ప్లేట్లు అతని ముందుకు జరిపింది.

"ఈ మూడింట్లో మీదేదో చెప్పండి."

అతను కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. ఒకటి చూసి ఇంకోటి, మళ్ళీ మొదటిది. "మూడూ ఒకటే మాదిరి ఉన్నయ్యిగా. ఇదా?" అని నడిమిది చూపించాడు.

"అది మా అక్కది."

"మీ అక్క ఎవరమ్మా?"

"సలోమి. మీ మిల్లులో రంగు షెడ్డులో చేసేది."

నమలడం ఆగింది. "షెడ్డులో ముప్పై మంది ఉండేవాళ్ళు. పేర్లు నాకు…"

"పేరు గుర్తుండక్కర్లేదు. కోర్టులో పెట్టిన కాగితం గుర్తుందా? పరీక్ష ఒక వైపుతో ఆపేయమన్నది మీరేనా?"

అతను గుమ్మం వైపు చూశాడు. డ్రైవరు బయటున్నాడు. గొంతు సవరించుకుని, "లాయరు చెప్పాడమ్మా" అన్నాడు. "రెండోది చేస్తే ఎట్టా వస్తదో తెలవదు, ఒకటి బాగొచ్చిందిగా, చాలన్నాడు."

"కేసయ్యాక షెడ్డులో మిగిలిన రంగు ఏం చేశారు?"

"కాలవలో పోస్తే నీళ్ళు ఎర్రబడి నలుగురి కళ్ళల్లో పడతది. అందుకని వక్కపొడి చేసేవాళ్ళకి ఇచ్చేశా. వాళ్ళకి బాగా కుదిరింది. తర్వాత ఆ రంగు ఎక్కడ దొరుకుతదో కూడా నేనే…"

మాట అక్కడ ఆగిపోయింది. చేతిలో డబ్బా వైపు చూసుకున్నాడు. బల్ల మీద ప్లేట్ల వైపు చూశాడు. నోట్లో ఉన్నదాన్ని మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎస్తేరు కాళ్ళ దగ్గరి చెత్తబుట్ట అతని ముందుకు తోసింది. ఉమ్మేశాడు. తెల్ల లాల్చీ మీద ఎర్రటి తుంపర పడింది.

"మీ కాలేయం, మా అక్క కాలేయం ఒక్క రకం" అంది ఎస్తేరు. "ఎలుకని ఏమీ చెయ్యని రంగు మీ ఇద్దరికీ విషమవుతుంది. రిపోర్టు ఇదుగో. రెండు పేజీలూ ఉన్నాయి."

అతను కాగితం ముట్టుకోలేదు. "దీనికి మందుందా?"

"మా అక్క కూడా ఇదే అడిగింది."

"అంటే… వచ్చేసిందా నాకు?"

"తెలియదు. ఈ పరీక్ష అది చెప్పదు. రేపు రావచ్చు, పదేళ్ళకి రావచ్చు, అసలు రాకపోవచ్చు. పెద్ద డాక్టర్లకి చూపించుకోండి. వాళ్ళు ఇవాళ లేదంటారు. మీరు మళ్ళీ ఆరు నెలలకి వెళ్తారు. కడుపులో కాస్త నొప్పి వచ్చినా అదేనేమో అనుకుంటారు. తిన్నది అరక్కపోయినా అదేననుకుంటారు." ఆమె గొంతు పెంచలేదు. "మా అక్క చచ్చిపోతూ కూడా ఎందుకు చచ్చిపోతోందో తెలుసుకోలేదు. మీకు అంతా తెలుసు. నాకు కావాల్సింది అదే."

పూర్ణచంద్రరావు పెదాలు కదిలాయి. "నా మనవరాలికి కూడా రోజూ చిటికెడు పెడతన్నా. నాలుక ఎర్రగా పండిందో లేదో చూసుకుంటది అద్దంలో."

 ఇతనితో అనాలని ఎస్తేరు ఇన్నాళ్ళూ తలచుకున్న మాటల్లో ఈ పిల్ల లేదు.

"రేపు తీసుకురండి" అంది. "రెండు వైపులా చేస్తాను. ఆ రంగు మీ మిల్లుదేనని ఆహార శాఖకి రాసి పంపాను. వాళ్ళు మీ దగ్గరకి వచ్చేలోపే మీరు వెళ్ళి చెప్పుకుంటారో, వచ్చాక చెప్తారో మీ ఇష్టం."

"చెప్తానమ్మా. చెప్తా." లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ మూడోది ఎవరిది?" అని అడిగాడు.

"దాని పేరు మీ నోట వినదల్చుకోలేదు."

మెట్లు దిగుతూ అతని చెయ్యి అలవాటుకొద్దీ జేబులోకి పోయింది. వేడి గిన్నె తగిలినట్టు బయటికొచ్చింది. ఎస్తేరు కిటికీలోంచి చూసింది. ఆ చెయ్యి వణకడం కోసం పద్నాలుగేళ్ళు ఎదురుచూసింది. బాగానే ఉంది చూడటానికి. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు, కడుపు చల్లబడింది. కారు గేటు దాటేదాకా చల్లగానే ఉంది.

* * *

షారోను రిపోర్టు రమీజా టైపు చేసి పెట్టింది. రెండు పేజీలు. ల్యాబు ఫారంలో అడుగున రెండు గళ్ళుంటాయి, ఎవరి రిపోర్టుకైనా ఉండేవే. హాని మొదట గుర్తించిన తేదీ, వాడకం ఆపిన తేదీ. రమీజా చేతికి అబద్ధం అలవాటు లేదు. మొదటి గడిలో జూలై 24 అని వేసింది. రెండో గడిలో ఆగస్టు 12.

ఎస్తేరు ఆ గళ్ళ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. రెండో పేజీ లేకుండా కూడా చెప్పొచ్చు. నీ ఒంటికి ఆ రంగు పడదు, మానేశావు కాబట్టి భయంలేదు, ఏటా ఒకసారి చూపించుకుందాం అంటే పిల్ల నమ్ముతుంది. అందులో ఒక్క అబద్ధం కూడా ఉండదు.

సాయంత్రం రెండు పేజీలూ తీసుకెళ్ళి షారోను చేతిలో పెట్టింది. పూర్ణచంద్రరావు సంగతీ, అమ్మ మొగ్గ సంగతీ మొదటి నుంచీ చెప్పింది. షారోను వింటూ ఏడ్చింది, మధ్యలో ఒకసారి పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ డబ్బా తట్టే చెయ్యి వణికిందని చెప్పినప్పుడు, "బాగా అయింది" అంది కసిగా. తర్వాత కాగితం చదవడం మొదలుపెట్టింది. లెక్కల టీచరు కదా, అడుగున ఉన్న గళ్ళ దాకా చదివింది.

"పిన్నీ, ఈ జూలై ఇరవై నాలుగు ఏంటి? అది పొరపాటా?"

"కాదు."

"వక్కపొడి సంగతి నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు" అంది ఎస్తేరు.

షారోను పట్టుకున్న చెయ్యి వదిలేసింది. కాగితాలు రెండూ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. బయట ఎవరో పిల్లలు అరుచుకుంటూ ఆడుకుంటున్నారు.

"మా అమ్మకి ఆయన చెప్పలేదు" అంది. "నాకు నువ్వు చెప్పలేదు."

 షారోను లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పగ తీరిన రోజున ఆ ఇంట్లో ఇద్దరూ అన్నం తినలేదు.